వెలిగారం, హైపో, లీటరు నీళ్లు... ఇంట్లోనే ఫిల్ము కడిగే విద్య

అనంతపురం: అటకమీది పాత కెమెరాలు మళ్లీ కిందికి దిగుతున్నాయి. తాతల కాలంనాటి పెట్టె కెమెరానో, తండ్రి కొన్న 35 ఎంఎం కెమెరానో దుమ్ము దులిపి, నలుపు తెలుపు ఫిల్ము తెప్పించుకుంటున్న కళాశాల విద్యార్థులు కొందరు ఈ విలేకరికి తారసపడ్డారు. వారందరిదీ ఒకటే ప్రశ్న. ‘అన్నా, ఫిల్మయితే కొన్నాం, దీన్ని కడిగేదెవరు?’ జిల్లాలోని స్టూడియోల్లో చీకటి గదులు ఎప్పుడో కంప్యూటర్ గదులయ్యాయి. బెంగళూరుకు పంపితే రానూపోనూ రోజులు, ఖర్చు. అయితే ఒకప్పుడు ఈ స్టూడియోల వారెవరూ సీసాలో సిద్ధంగా వచ్చిన డెవలపర్‌ను నమ్ముకుని బతకలేదు. విడి రసాయనాలు తెచ్చుకుని, తూచి, నీళ్లలో కలుపుకునేవారు. ఆ పని ఇప్పటికీ ఎవరైనా చేసుకోవచ్చు. కావలసినవి నాలుగు పొడులు, ఒక చిన్న తూకం, కొంచెం ఓపిక. అనంతలో మాత్రం వీటికి తోడు మరో రెండింటితో వేగాలి. ఒకటి నీరు, రెండోది ఎండ.

డెవలపర్ చేసే పని

ఫిల్ముమీద జిలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. కెమెరా కన్ను తెరుచుకున్న క్షణంలో వెలుతురు తగిలిన స్ఫటికాలపై కొన్ని పరమాణువుల వెండి ఏర్పడుతుంది. ఇది కంటికి కనిపించదు. దీన్నే గుప్త బింబం అంటారు. డెవలపర్ ఆ స్ఫటికాలను వెతికి పట్టుకుని పూర్తిగా నల్లని వెండిగా మారుస్తుంది. వెలుతురు తగలని వాటి జోలికి అంత త్వరగా పోదు. రసాయన శాస్త్రం చదివినవారికి ఇది క్షయకరణ చర్య అని చెబితే చాలు.

ఈ పని చేసే పదార్థాల్లో ముఖ్యమైనవి మెటాల్, హైడ్రోక్వినోన్. మెటాల్ తొందరగా మొదలుపెడుతుంది, మెత్తగా పనిచేస్తుంది. హైడ్రోక్వినోన్ నిదానం, కానీ నలుపును బలంగా తెస్తుంది. రెండూ కలిసినప్పుడు విడివిడిగా చేసే పనుల మొత్తం కంటే ఎక్కువ చేస్తాయి. అలసిన మెటాల్‌ను హైడ్రోక్వినోన్ మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. గట్టి భూమిలో జోడెద్దులను కట్టినట్టు అని మా గురువు చెప్పేవారు.

వీటికి సోడియం సల్ఫైట్ కాపలా. గాలిలోని ఆక్సిజన్ వల్ల డెవలపర్ చెడిపోకుండా చూస్తుంది. ఎక్కువ మోతాదులో వేస్తే స్ఫటికాల అంచులను కొద్దిగా కరిగించి బొమ్మలో గరుకును తగ్గిస్తుంది. నాలుగోది క్షారం. క్షారం లేకుంటే డెవలపర్‌కు చురుకు ఉండదు. ఫిల్ముకు మృదువైన క్షారంగా బోరాక్స్, కాగితానికి బలమైన సోడియం కార్బొనేట్ వాడతారు. బోరాక్స్ అంటే మరేదో కాదు, కంసాలులు బంగారం అతకడానికి వాడే వెలిగారమే. సోడియం కార్బొనేట్ మన బట్టల సోడా. చౌడు నేలల మన్ను తెచ్చి చాకలివారు బట్టలు ఉడకబెట్టిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆ మన్నులో పనిచేసిందీ ఇటువంటి సోడాయే. ఈ రెంటికీ జిల్లాలో ఎన్నడూ కొరత లేదు. కాకపోతే అంగడి వెలిగారంలో మలినాలుంటాయి. ప్రయోగశాలలకు సరఫరా చేసే దుకాణాల్లో దొరికే శుద్ధమైనదే మేలు.

దాదాపు వందేళ్లనాటి సూత్రం

నేటికీ ప్రపంచమంతటా వాడే ఫిల్ము డెవలపర్ సూత్రం డి-76. అమెరికాకు చెందిన ఈస్ట్‌మన్ కోడక్ 1927లో సినిమా నెగటివ్‌ల కోసం దీన్ని వెలువరించింది. బ్రిటన్‌కు చెందిన ఇల్‌ఫర్డ్ వారి ఐడీ-11 కూడా ఇదే సూత్రం. తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీసినప్పుడు, మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో పట్టిన వెన్నెల కూడా ఏదో ఒక ల్యాబ్ తొట్టిలో, ఇటువంటి రసాయనంలో నుంచే పైకి తేలింది.

ఒక లీటరు డి-76కు మెటాల్ 2 గ్రాములు, నీరులేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ఇంతే. దీన్నీ కష్టమనుకునేవారికి అదే సంస్థ వారి డి-23 ఉంది. మెటాల్ ఏడున్నర గ్రాములు, సల్ఫైట్ 100 గ్రాములు, లీటరు నీళ్లు. రెండే వస్తువులు. కొత్తవారు దీనితో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. డి-76కు చెప్పిన సమయంతోనే ప్రారంభించి, నెగటివ్ పలుచగా వస్తే కొంచెం పెంచుకోవచ్చు.

కలిపే క్రమంలోనే కిటుకు ఉంది. 750 మిల్లీలీటర్ల నీటిని 50 డిగ్రీల వరకు వేడి చేయాలి. చెయ్యి పెడితే చురుక్కుమనాలి, మరగరాదు. ముందు చిటికెడు సల్ఫైట్ వేసి, ఆపైన మెటాల్ కరిగించాలి. సల్ఫైట్ మొత్తం ముందే వేస్తే మెటాల్ కరగకుండా మొండికేస్తుంది. అసలు సల్ఫైట్ లేకుండా మెటాల్ వేస్తే గాలికి పాడవుతుంది. అందుకే ఆ చిటికెడు. మెటాల్ పూర్తిగా కరిగాక మిగిలిన సల్ఫైట్‌ను కొద్దికొద్దిగా, తర్వాత హైడ్రోక్వినోన్, చివర వెలిగారం. ఒకటి కరిగాకే మరొకటి. చివరికి చల్లని నీటితో లీటరుకు తేవాలి. ముదురు రంగు సీసాలో మూతివరకు నింపి ఒకరోజు ఆగి వాడుకోవాలి. నిండు సీసా ఆరు నెలలు నిలుస్తుంది. సగం ఖాళీ అయితే రెండు నెలలే. రంగు గోధుమలోకి దిగితే పారబోయాల్సిందే. అనుమానం వస్తే ఫిల్ము మొదటి కొసను చిన్న ముక్క కత్తిరించి వెలుతురులోనే డెవలపర్‌లో వేసి చూడాలి. కొన్ని నిమిషాల్లో కారునలుపు తిరిగితే ఆ సీసాకు ప్రాణం ఉన్నట్టే.

ఒక అక్షరం తేడా

సల్ఫైట్, సల్ఫేట్, సల్ఫైడ్. ముగ్గురూ అన్నదమ్ముల్లా కనిపిస్తారు కానీ ఒకరి పని మరొకరు చేయరు. డిగ్రీ చదువుతూ, ఆ తర్వాతా 1999 నుంచి 2003 వరకు నేను ఒక స్టూడియోలో సాయంత్రాలు పనిచేశాను. ఒకసారి సల్ఫైట్ తెమ్మంటే సల్ఫేట్ పొట్లం కట్టించుకుని వచ్చాను. రెండూ తెల్లని పొడులే. కలిపిన డెవలపర్ సాయంత్రానికల్లా టీ డికాషన్ రంగుకు మారింది. ఆ రాత్రి అందులో పడవలసినవి ఒక పెళ్లివారి మూడు రోళ్లు. రంగు చూసి గురువు ఆపబట్టి సరిపోయింది. పెళ్లి మళ్లీ జరగదు కదా. ఆనాటి నుంచి పొట్లంమీది పేరును పైకి చదవకుండా తూకంలో వెయ్యను.

తూకం విషయంలో చెంచా లెక్కలు పనికిరావు. రెండు గ్రాముల మెటాల్‌లో అరగ్రాము తేడా అంటే పావు వంతు తేడా. గ్రాములో పదో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసులు ఇప్పుడు తక్కువకే దొరుకుతున్నాయి. బట్టల సోడాతోనూ ఒక చిక్కుంది. స్ఫటికాల సోడాలో సగానికి మించి నీరే ఉంటుంది. నీరులేని పొడి 68 గ్రాములు వేయవలసిన చోట స్ఫటికాలైతే దాదాపు 183 గ్రాములు వేయాలి. తినే సోడా వేరు, అది డెవలపర్‌కు పనికిరాదు.

కాఫీతో కడిగేవారు కూడా ఉన్నారు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ విద్యాలయంలో ఒక తరగతి ఇన్‌స్టంట్ కాఫీ పొడితో డెవలపర్ తయారుచేసింది. లీటరు నీటికి నీరులేని బట్టల సోడా 54 గ్రాములు, విటమిన్ సి 16 గ్రాములు, కాఫీ పొడి 40 గ్రాములు. 20 డిగ్రీల వద్ద పావుగంట. బొమ్మ వస్తుంది, అబద్ధం కాదు. వాసన మాత్రం భరించడం కష్టం. మెటాల్ దొరకని చోట సరదాకు చేసి చూడవచ్చు.

మన నీరు, మన ఎండ

పుస్తకాలన్నీ 20 డిగ్రీలు అంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 దాటే అనంతలో 20 డిగ్రీల నీరు ఎక్కడ దొరుకుతుంది? ఐసు ముక్కలు వేయడం ఒక దారి. కానీ మన పొడిగాలే మనకు సాయం చేస్తుంది. గాలిలో తేమ తక్కువ కాబట్టి మట్టికుండ, తడి గోనెపట్ట ఇక్కడ చల్లబరిచినంతగా సముద్రతీరంలో చల్లబరచలేవు. సీసాలను తడిగుడ్డ చుట్టి రాత్రంతా కిటికీ దగ్గర ఉంచితే మా ఇంట్లో వేసవిలోనూ 26, 27 డిగ్రీలకు దిగుతాయి. ఆ వేడికి తగ్గట్టు సమయం తగ్గించుకోవాలి. డిగ్రీకి సుమారు పది శాతం అని లెక్క.

ఉదాహరణకు హెచ్‌పీ-5 ఫిల్ముకు 20 డిగ్రీల వద్ద నేరు డి-76లో ఏడున్నర నిమిషాలు. 26 డిగ్రీలకు వచ్చేసరికి ఇది నాలుగు నిమిషాల చిల్లరకు పడిపోతుంది. అయిదు నిమిషాల కంటే తక్కువైతే బొమ్మ అంతటా సమానంగా రాదు, మచ్చలు పడతాయి. అందుకని డెవలపర్‌లో సమానంగా నీరు కలపాలి. అప్పుడు 20 డిగ్రీలకు 13 నిమిషాలు, 26 డిగ్రీలకు సుమారు ఏడున్నర. చేతికి అందే సమయం ఇది. పైగా రసాయనం సగమే ఖర్చు. ఒక 35 ఎంఎం రోలుకు 150 మిల్లీలీటర్ల డెవలపర్, 150 నీరు చాలు. ఒకసారి వాడి పారబోయాలి. ఫిల్మును చక్రానికి చుట్టి డబ్బాలో పెట్టేవరకు చిమ్మచీకటి తప్పనిసరి. ఎర్ర బల్బు కాగితానికే గాని ఈ ఫిల్ముకు కాదు. డబ్బా మూత బిగించాక వెలుతురులో పని చేసుకోవచ్చు. మొదటి పది సెకన్లు నాలుగుసార్లు తలకిందులు చేసి, ఆపైన ప్రతి నిమిషం అలాగే చేయాలి.

వేడిమిలో ఇంకో ప్రమాదం జిలటిన్ ఉబ్బడం. డెవలపర్ 27 డిగ్రీల్లో ఉండి, ఆపైన పోసే నీరు 20 డిగ్రీల్లో ఉంటే పొర ఎండిన చెరువు అడుగులా నెర్రెలు బారుతుంది. అన్ని ద్రావణాలూ, కడిగే నీరూ ఒకే వేడిలో ఉండాలన్నది ఇక్కడ మొదటి నియమం. వెనుకటి స్టూడియోల వారు హైపోలో పటిక కలిపి పొరను గట్టిపరిచేవారు. బురదనీటిని తేర్చే పటికే అది.

ఇక నీరు. మన బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. అవి సల్ఫైట్‌తో కలిసి తెల్లని మడ్డిగా అడుగుకు దిగుతాయి. ఆ మడ్డి ఫిల్ముకు అంటుకుంటే చుక్కలు. నీటిని మరిగించి చల్లార్చి వడగడితే కొంత కఠినత్వం పోతుంది. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆర్‌వో నీటి కేంద్రాలున్నాయి కనుక ఒక క్యాను కొనుక్కుంటే ఈ బాధ లేదు. మిద్దెమీద పట్టిన వాననీరు ఇంకా మంచిది, వాన పడితే.

ఆపడం, నిలపడం

డెవలపర్ పారబోసిన వెంటనే దాని పని ఆపాలి. మామూలు నీటితో రెండుసార్లు తొలిచినా చాలు. నిమ్మ ఉప్పు లీటరుకు 15 గ్రాములు కలిపిన నీరైతే ఖచ్చితంగా ఆగుతుంది. ఆ తర్వాత హైపో. వెలుతురు తగలని వెండి లవణాలను కరిగించి తీసేసేది ఇదే. ఈ గుణాన్ని 1819లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షల్ కనుగొన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ఫొటోగ్రఫీ పుట్టినప్పుడు అది అక్కరకొచ్చింది. డిగ్రీ ప్రయోగశాలలో అయోడిన్ టైట్రేషన్ చేసినవారికి హైపో పాత చుట్టమే. లీటరుకు 250 గ్రాములు. కరుగుతున్నప్పుడు వేడిని పీల్చుకుని గిన్నె మంచుముద్దలా చల్లబడుతుంది, కాబట్టి వేడినీళ్లలోనే వేయాలి. కరిగి చల్లారాక పొటాషియం మెటాబైసల్ఫైట్ 25 గ్రాములు కలపాలి. తొందరపడి వేడిగా ఉన్నప్పుడే కలిపితే గంధకం విడివడి పాలలా విరుగుతుంది. ఫిల్ము పాలతెలుపు పోయి తేటపడటానికి ఎంత సమయం పడితే దానికి రెట్టింపు సేపు హైపోలో ఉంచాలి.

ఈ సరంజామా ఒకప్పుడు దేశంలోనే తయారయ్యేది. ఊటీలో 1960లో నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరిట ఫిల్ములు, కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చింది. మా స్టూడియో గోడకు ఆ పేరున్న కేలండరే వేలాడేది. నష్టాల్లో కూరుకుపోయి ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు ఫిల్మూ కాగితమూ దిగుమతి సరుకే.

చేతులు జాగ్రత్త. మెటాల్ కొందరి చర్మానికి పడదు. వేళ్ల సందుల్లో దురద, పగుళ్లు మొదలై ఏళ్ల తరబడి వదలదు. నాతో పనిచేసినవారిలో ఒకరు ఈ బాధతోనే వృత్తి మానుకున్నారు. రబ్బరు తొడుగులు, పొడులు తూచేటప్పుడు ముక్కుకు గుడ్డ, గాలి ఆడే గది అవసరం. వంటింటి గిన్నెలు వాడకూడదు. ప్రతి సీసాపై పేరు, తేదీ రాసి పిల్లలకు అందనిచోట పెట్టాలి. వాడిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది. దాన్ని బోరు పక్కన ఇంకుడు గుంతలోనో, కాలువలోనో పోయడం తగదు. ఎక్స్‌రే ఫిల్ముల నుంచి వెండి తీసే వ్యాపారులకు ఇవ్వడం సరైన పద్ధతి.

అవ్వ ఫొటో

చివరి పని నీటితో కడగడం. అనంతలో ఎక్కువ తప్పులు జరిగింది ఇక్కడే. పారే నీటిలో ఫిల్మయితే అరగంట, మందపు కాగితమైతే గంట అని పుస్తకంలో ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే వీధిలో, గంటసేపు నీటిని పారించే స్టూడియో ఎక్కడిది?

2003 వేసవిలో మా అవ్వకు పింఛను దరఖాస్తు కోసం ఫొటో తీశాం. ఆమె జీవితంలో అది ఒక్కటే ఫొటో. తీసింది గురువు, కడిగింది నేను. ఆ రోజు ట్యాంకరు రాలేదు. బేసినులో ఉన్న పాత నీటిలోనే రెండుసార్లు ముంచి ఆరేశాను. అవ్వ పోయాక ఆ ఫొటోకే పటం కట్టించాం. పదేళ్లు తిరగకుండా ముఖం పసుపుబారింది, తర్వాత మట్టిరంగు. కాగితపు నారల్లో మిగిలిపోయిన హైపో మెల్లగా విరిగి, వెండిని గంధకంతో కలిపి ఆ రంగుకు తెస్తుంది. జిల్లాలో ఎన్నో ఇళ్ల గోడలమీద ఇటువంటి పటాలున్నాయి. కాలం గడిచి రంగు పోయిందనుకుంటారు. చాలా వాటిలో పోయింది నీళ్లు చాలక.

నీరు తక్కువైనా సరిగ్గా కడగవచ్చని ఆనాడు మాకు తెలియదు. ఫిల్ము డబ్బాలో నీరు నింపి అయిదుసార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్లీ నింపి పదిసార్లు, మూడోసారి ఇరవైసార్లు. ఇల్‌ఫర్డ్ సంస్థ సూచించిన పద్ధతి ఇది. ఒక రోలుకు లీటరు లోపు నీటితో పని ముగుస్తుంది. పటిక కలపని హైపోకే ఇది వర్తిస్తుంది. పటికతో గట్టిపడిన పొర హైపోను సులభంగా వదలదు. చివరి తొలపు ఆర్‌వో నీటితో చేస్తే సున్నపు మచ్చలు పడవు. కాగితాన్నయితే ముందు కొంచెం తొలిచి, లీటరుకు 20 గ్రాముల సల్ఫైట్ కలిపిన నీటిలో కొన్ని నిమిషాలు నాననిస్తే హైపో త్వరగా వదులుతుంది. ఆపైన పారే నీరు అక్కర్లేదు, బేసిను నీటిని పలుమార్లు మార్చితే చాలు. కడిగిన నీరు చెట్లకు పోయకపోవడమే మంచిది.

స్టూడియో మూసేటప్పుడు గురువు నెగటివ్‌ల పెట్టెలు నాకిచ్చారు. అందులో అవ్వ నెగటివ్ దొరికింది. దాన్నీ ఆ రోజు అదే నీటిలో ముంచాను. అయినా చెక్కుచెదరలేదు. ఫిల్ములో కాగితంలాగా నారలు ఉండవు, పైపొర తప్ప హైపో దాక్కునే చోటు లేదు. నిరుడు చలికాలంలో ఆ నెగటివ్‌ను మళ్లీ హైపోలో వేసి, అయిదు, పది, ఇరవై లెక్కన కడిగాను. స్నానాలగదిలో ఎర్ర జీరో బల్బు పెట్టి, మెటాల్ 3, సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, నీరులేని బట్టల సోడా 68, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములతో కాగితపు డెవలపర్ లీటరు కలిపాను. ఒకటికి రెండు పాళ్లు నీరు చేర్చి, కాగితాన్ని నెగటివ్ కింద పెట్టి టార్చి వెలుతురు చూపించాను. మొదటి రెండు కాగితాలు నల్లబడ్డాయి. మూడోదానిలో నిమిషం లోపే ముందు చెవి కమ్మలు, ఆ తర్వాత కళ్లు తేలాయి. మా అమ్మ తలుపు బయట నిలబడి ‘వచ్చిందా’ అని అడుగుతోంది. హైపోలో పడేవరకు తలుపు తీయకూడదని చెప్పాను.